వలపిన్ని వదిలేసిన జారుముడి

సముద్రంలో చేపలు పెంచే తేలే పంజరాలకు వలలు అల్లి, చిరిగినవి బాగుచేసే ఆమెను రేవులో అందరూ వలపిన్ని అంటారు. ఇరవై రెండేళ్లుగా అదే షెడ్డు, అదే పీట. వల కొసను కాలి బొటనవేలికి తగిలించుకుని కూర్చుందంటే చేతులు వాటి పని అవి చేసుకుపోతాయి, నోరు దాని పని అది చేసుకుపోతుంది. "నా ముడి విప్పాలంటే పళ్లు రాలాలి" అంటుంది. నిజమే కాబట్టి ఎవరూ కాదనరు.

ఆ ఉదయం టీ గ్లాసులు కడుగుతూ ఠక్కున ఆగిపోయింది. నిన్న మూడో పంజరానికి దించిన వల! అతుకు కదలకుండా ముందు మూలన ఒక జారుముడి వేసి, చుట్టూ కుట్టడం అయ్యాక దాన్ని తీసి గట్టి ముడి వేయడం ఆమె పద్ధతి. నిన్న కబుర్లలో పడి ఆ చివరి ముడి వేయలేదు. తల మరిచిపోయినా, ఆ ముడి వేయలేదని వేళ్లకు ఇప్పుడు గుర్తొచ్చింది. అందులో రెండువేల పండుగప్ప చేపలున్నాయి. వారంలో పట్టి అమ్మాల్సినవి.

నోరు మూసుకుంటే సరి, ఏ పెద్ద చేపో బయటినుంచి కొరికిందనుకుంటారు. ఆ ఆలోచన వచ్చినందుకే సిగ్గుపడి, తడి చేతులతోనే రేవుకు పరుగెత్తింది.

నీళ్లలో మునిగి వలలు చూసే మరిది అప్పుడే పడవ ఎక్కుతున్నాడు.

"తప్పయిపోయింది మరిదీ. మూడో పంజరం వలకు జారుముడి వదిలేశా."

"నువ్వా వదినా? ఉండు, ఈ మాట నలుగురినీ పిలిచి వింటా."

"వేళాకోళాలు తర్వాత. ముందు పద. మూడో తాడు పక్కన, నిలువు లోతున చూడు."

పంజరం దగ్గర అతను మునిగాడు. ఆమె చట్రం మీద చతికిలబడి బుడగలకేసి చూస్తూ కూర్చుంది. బుడగలు ఒకేచోట చాలాసేపు వచ్చాయి.

చివరికి తల పైకెత్తి, ముఖం తుడుచుకున్నాడు. "అరచెయ్యంత తెరుచుకుంది. లోపలి చేపల్లో ఒకడు గుమ్మంలో పెద్దమనిషిలా తల బయటపెట్టి వీధి చూస్తున్నాడు. మూతి మీద ఒకటిచ్చి లోపలికి తోశా."

"మిగతావి?"

"అన్నీ ఉన్నట్టే ఉన్నాయి. కూర్చున్నచోటికి మేత వస్తుంటే ఎవడు పోతాడు! కట్టేశాలే."

"ఏ ముడి వేశావ్?"

"నీదే. తిట్టి తిట్టి నేర్పావుగా."

ఆమె నమ్మలేదు. ఇద్దరూ కలిసి ఆ మూలను పైకి లాగారు. కళ్లు మూసుకుని ముడి చుట్టూ వేలు తిప్పింది, గోటితో పీకి చూసింది. కాస్త వంకర. బిగువు మాత్రం అచ్చం ఆమెదే. విప్పి మళ్లీ వేద్దామని చెయ్యి పోయింది గానీ, ఆగి, వలను నీళ్లలోకి జార్చేసింది.

"ఉండనీలే, చేపలకు సోకులెందుకు" అంది, పడవలోకి దిగి కాళ్లు బారచాపుకుని. "పంజరాలు చూసే మేస్త్రీకి మాత్రం నేనే చెబుతా. నీ నోట పడితే ఆ కంతలోంచి ఏనుగులు కూడా పోతాయి."