జశుబెన్ ఇచ్చిన డిపాజిట్

నా చెవులకున్న కమ్మలు పట్టుమని నాలుగు గ్రాములుండవు. వాటి బరువు మాత్రం పన్నెండేళ్లుగా మోస్తున్నాను. తోడబుట్టిన చెల్లెలితో కూడా ఈ మాట అనలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పగలననిపిస్తోంది. మధ్యలో తడబడితే ఏమీ అనుకోకండి.

మాది కరీంనగర్ వైపు పల్లె. మా ఆయన సూరత్‌లో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడుపుతాడు. పెళ్లయిన కొత్తలో అక్కడే బమ్రోలిలో జశుబెన్ అనే ఆవిడ ఇంట్లో పైగది తీసుకున్నాం. పదివేలు డిపాజిట్ కట్టాం. ఐదేళ్లు ఉన్నాం. నేను ఆవిడ మెట్ల మీద కూర్చుని చీరలకు రాళ్లు అంటించేదాన్ని, ఆవిడ పక్కనే వెల్లుల్లి ఒలుచుకునేది. నాకు గుజరాతీ వచ్చింది ఆ మెట్ల మీదే. మా ఆయన పొద్దున ఏడింటికి పోతే సాయంత్రం ఏడింటికి వచ్చేవాడు. ఆ సాంచాల చప్పుడులో మనవాళ్లతో, ఒడియా వాళ్లతో రోజు గడిచిపోయేది. గుజరాతీ ముక్క రాదు. హిందీ అంటారా, కూరగాయలు కొనడానికి సరిపోతుంది, అంతే. మా గల్లీలో చాలా ఇళ్లలో ఇదే తీరు. ఇంటిగలావిడతో ఏ మాటైనా ఆడవాళ్లమే నడపాలి. అద్దె, నీళ్లు, కరెంటు బిల్లు అన్నీ నా నోటి మీదే నడిచేవి.

మా ఆయన మంచివాడు. ఇది ముందే చెప్పాలి. కాకపోతే ఆయన మంచితనమంతా ఊళ్లో ఉన్న అన్న వైపే పారేది. అన్న బోరు వేయిస్తానంటే పుట్టింటివాళ్లు పెట్టిన నా కమ్మలు అమ్మి పంపాడు. "మల్ల జేపిస్త తీయ్" అన్నాడు. నాలుగేళ్లయినా ఆ మాట ఎత్తలేదు. నేను చెవులకు వేపపుల్లలు పెట్టుకుని తిరిగాను. అడిగితే చేయించేవాడేమో. ఎందుకు అడగలేదు? రోషం. మర్చిపోయిన మనిషికి గుర్తుచేయడమేంటని రోషం.

వడోద్‌లో కొంచెం పెద్ద గది దొరికితే సామాను మార్చాం. బయల్దేరేటప్పుడు జశుబెన్ కొత్త కుండ కొని, నీళ్లు నింపి నా చేతికిచ్చింది. కొత్తింట్లోకి ముందు నీళ్లు పోవాలని వాళ్ల ఆచారం. తాళంచెవి తెచ్చిచ్చి, కరెంటు బిల్లు లెక్క చూసుకుని డిపాజిట్ పట్టుకెళ్లమంది. వారం తర్వాత మా ఆయన పనిలో ఉన్న వేళ నేనొక్కదాన్నే వెళ్లాను. అప్పటికే ఆ డబ్బు అన్న ఇంటి స్లాబుకు పంపాలని ఆయన అనుకుంటున్నాడు. నాకది తెలుసు.

ఆవిడ నోట్లు లెక్కపెట్టింది. మగవాడు సంతకం పెట్టిన కాగితం కదా, ఆదివారం ఆయన్ని పంపు, ఆయన చేతికే ఇస్తానంది.

అప్పుడన్నాను. "వద్దు బెన్. ఆయన తాగుతాడు. చేతికిస్తే పొట్లాలకే పోతుంది."

మీకు తెలుసు కదా, అక్కడ మందు అమ్మకూడదు. దొంగచాటుగా ప్లాస్టిక్ పొట్లాల్లో అమ్ముతారు. జశుబెన్ భర్త ఆ పొట్లాలు తాగి తాగే చచ్చిపోయాడు. ఐదేళ్లలో ఎన్నిసార్లు చెప్పుకుని ఏడ్చిందో ఆ మెట్ల మీద! అన్నీ తెలిసే ఆ అబద్ధం ఎంచుకున్నాను. వేరే ఏది చెప్పినా పని జరగదని కూడా తెలుసు. ఆవిడ పుండు ఎక్కడుందో చూసి అక్కడే వేలు పెట్టాను.

ఆవిడ కరెంటు బిల్లు పోను తొమ్మిది వేల ఆరువందలు నా కొంగులో ముడివేసింది. ఎప్పుడూ చెప్పలేదేం పిచ్చిదానా అని నా తల నిమిరింది. ఆ డబ్బుతోనే కమ్మలు కొన్నాను. ఇంట్లో చిట్టీ పాడానని చెప్పాను. డిపాజిట్ సంగతి అడిగితే, జశుబెన్ ఇవ్వనంటోందని చెప్పాను. అంతటితో పోతుందనుకున్నాను. మా ఆయన గొడవలకు పోయే మనిషి కాదు.

కానీ పోయాడు. పది రోజులకు సెలవు దొరికింది. "నడువ్. నాకు ఆమె భాష రాదు, నువ్వే అడుగాలె" అని నన్ను బయల్దేరదీశాడు. తలనొప్పి అన్నాను. వినలేదు.

జశుబెన్ మెట్ల మీదే ఉంది. నేను ఇద్దరి మధ్యా నిలబడ్డాను.

"అడుగు. మా పైసలు ఎందుకిస్తలేదో అడుగు. గోడకు ఒక్క మేకు గూడ కొట్టలే మనం. అద్దె ఒక్క దినం ఆలస్యం జెయ్యలే. ఏం తప్పు జేసినమని?"

ఆవిడ నా ముఖంలోకి చూసింది. ఇప్పుడైనా చెప్పొచ్చు. నోరు తెరిచి నిజం చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? నేను తల దించుకుని, గుజరాతీలో, మెల్లగా అన్నాను. "బెన్, తాగడానికి డబ్బు కావాలట. నాకిచ్చినట్టు చెప్పకండి. కొడతాడు."

ఆయన నా మీద చెయ్యెత్తిన పాపాన పోలేదండీ, ఏనాడూ!

జశుబెన్ లేచి నిలబడింది. చుట్టుపక్కల ఆడవాళ్లంతా గుమ్మాల్లోకి వచ్చారు. అందరూ వినేలా అంది. "పైసా నథీ ఆపవానా. జా."

డబ్బు ఇచ్చేది లేదు, పొమ్మంది. ఆ ముక్కకు మా ఆయనకు నా సాయం అక్కర్లేకపోయింది.

"గిట్ల ముంచుతవా అమ్మా? నీ మీద నమ్మకంతోని ఐదేండ్లున్నం. కష్టం జేసి బతికేటోళ్ల పైసలు తింటవా? నువ్వు దొంగవి. దొంగవి!"

మనవాళ్ల మధ్య ఉండి ఉండి "దొంగ" అన్న మాట వాళ్లకూ అర్థమైంది. ఎవరో నవ్వారు. జశుబెన్ నవ్వలేదు, తిట్టలేదు. నా వైపు ఒక్కసారి చూసి, భయపడకు అన్నట్టు కళ్లతోనే చెప్పి లోపలికి వెళ్లిపోయింది. నన్ను కాపాడానని అనుకుంది పిచ్చితల్లి.

మా ఆయన ఇంటికొచ్చి ఆ కుండ పగలగొట్టాడు. సాంచాల దగ్గర, చాయ్ దుకాణం దగ్గర, ఊరి బస్సు ఎక్కేచోట, కనిపించిన ప్రతి మనవాడికీ చెప్పాడు. మనవాళ్లు గది తీసుకునేది పక్కవాడి మాట మీదే. "ఆ ఇంట్ల దిగకుండ్రి, పైసలు తింటది" అన్న మాట పాకిపోయింది. ఆవిడ పైగదులు మూడూ మనవాళ్లతోనే నిండి ఉండేవి. ఒక్కొక్కరే ఖాళీ చేశారు. ఒకటైతే ఏడాదిన్నర తాళం వేసే ఉంది. అద్దెలు తప్ప ఆవిడకు వేరే ఆధారం లేదు. ఇవన్నీ నా చెవిన పడుతూనే ఉన్నాయి. ఏం చేశాను? కమ్మలు పెట్టుకుని అన్నం వండాను. నా సొమ్మే నేను తిరిగి తెచ్చుకున్నాను కదా అని సర్దిచెప్పుకున్నాను. సొమ్ము నాదే కావచ్చు. ఆ ఇద్దరి మంచిపేర్లు నావా, చెడగొట్టడానికి?

పోయిన నెల కూరగాయల బజారులో ఎవరో భుజం మీద చెయ్యి వేశారు. జశుబెన్! వెంట్రుకలు పూర్తిగా తెల్లబడ్డాయి. ఎన్నేళ్లయిందో అంటూ గట్టిగా పట్టుకుంది. మొదట అడిగింది డబ్బు గురించి కాదు, గదుల గురించీ కాదు.

"హజీ పీయే ఛే?" అంది. ఇంకా తాగుతున్నాడా అని.

చెప్పేయాలనే నోరు తెరిచాను, నమ్మండి. బయటికొచ్చింది ఇది: "ఛోడీ దీధు, బెన్." మానేశాడని.

ఆవిడ ముఖం వెలిగిపోయింది. రెండు చేతులూ ఎత్తి దేవుడికి దండం పెట్టింది. నా కమ్మలు వేలితో తాకి, ఆయనే చేయించాడా అని అడిగింది. తల ఊపాను. "చూశావా, తాగుడు మానితే మగవాడు బంగారం కొనిపెడతాడు. ఆ రోజు నేను పడ్డ మాటలు ఊరికే పోలేదు" అంది. సంచిలోంచి రెండు జామకాయలు తీసి, ఆయనకు ఇవ్వమంది.

ఇచ్చాను. ఎవరిచ్చారో చెప్పలేదు. ఉప్పు అద్దుకుని తిన్నాడు, బాగున్నాయన్నాడు.

ఇద్దరిలో ఎవరికీ చెప్పే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు. వస్తుందని కూడా అనను. మన్నించమని మిమ్మల్ని అడగను, మన్నించాల్సింది మీరు కాదు. కానీ ఎక్కడో ఒకచోట నిజం నిజంలా ఉండాలి కదా. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

జశుబెన్ మా డబ్బు పైసాతో సహా ఇచ్చింది. మా ఆయన తాగడు. ఊళ్లో బోనాలప్పుడు అందరూ కల్లు పట్టుకుని కూర్చుంటే, ఈయన మజ్జిగ తాగుతాడని నవ్వేవాళ్లు. ఆయన ఏదీ మానేయలేదు. ఏనాడూ తాగలేదు.