ఎనిమిది జానల వెనక సీటు

మా పాత పికప్పు బండిని పోయిన నెల అమ్మేశాం. ముందు వరుస, దాని వెనక ఇంకో వరుస, ఆ వెనక సామాను వేసుకునే తొట్టి ఉన్న రకం అది. సగం కారు, సగం ట్రాలీ. పసుపు బస్తాలు మోసింది, పెళ్ళిళ్ళకు వంటగిన్నెలు మోసింది, ఒకసారి బాసరకు మా వీధి వీధంతటినీ మోసుకుపోయింది. కొనడానికి వచ్చినాయన టైర్లు తన్ని చూశాడు, ఇంజను చప్పుడు విన్నాడు, వెనక తలుపు తీసి సీటు తడిమాడు. రెక్సిన్ మీద రెండుచోట్ల లోతుగా గుంటలు పడి ఉన్నాయి. "గిదేంది, గిట్ల కుంగింది? ఏం బరువేసిండ్రు?" అని అడిగాడు. మా ఆయన మామూలుగా బండి గురించి ఒక మాట అడిగితే పది చెప్పే మనిషి. ఆ రోజు మాత్రం "చిన్నపోరగాండ్ల సీట్లు" అని ఊరుకున్నాడు. నేను చాయ్ పెట్టే వంకతో లోపలికి వెళ్ళిపోయాను. ఆ చాయ్‌లో చక్కెర వెయ్యలేదని తర్వాత తెలిసింది. పాపం, ఆయన మారుమాట లేకుండా తాగి పోయాడు.

నాకు ఒక్కడే తమ్ముడు. నిర్మల్ పక్కన మా ఊళ్ళో గల్ఫ్‌కు పోని ఇల్లు వెతకాలంటే దీపం పట్టుకోవాలి. వీడూ పోయాడు. అక్కడ ఒక షేకు ఇంట్లో డ్రైవరు. ఆ ఇంటి పిల్లలను బడికి దింపడం, తీసుకురావడం వీడి పని. ఫోన్ చేస్తే జీతం సంగతి, తిండి సంగతి ఎప్పుడూ చెప్పేవాడు కాదు. పిల్లల సీట్ల సంగతి మాత్రం కథలు కథలుగా చెప్పేవాడు. అక్కడ చిన్నపిల్లలను ఒడిలో పెట్టుకొని బండెక్కరట. పిల్లకో కుర్చీ, కుర్చీకో బెల్టు. ఆ కుర్చీని బండి సీటుకు బిగించి, పిల్లను అందులో కూర్చోబెట్టి, భుజాల మీదుగా పట్టీలు వేసి కట్టేస్తారట. మా అవ్వ, అంటే మా అమ్మ, అది విని "అయ్యో, ఏం తప్పు జేసిండ్రురా ఆళ్ళు, కట్టేసుడేంది?" అని జాలి పడింది. మా దిక్కు పిల్లలు ఎట్లా ప్రయాణిస్తారో అందరికీ తెలిసిందే. మోటారుసైకిల్ టాంకు మీద ఒకడు, తల్లిదండ్రుల మధ్య ఇరుక్కొని ఒకడు, తల్లి చంకలో ఒకటి. ఆటోలో అయితే ఎవరి పిల్ల ఎవరి ఒళ్ళో ఉందో దిగేటప్పుడుగానీ తేలదు. మా తమ్ముడు కూడా అట్లా పెరిగినవాడే. కానీ ఒకసారి కళ్ళతో చూశాక వాడికి మనసు ఆగలేదు. వాడికీ ముగ్గురు పిల్లలు. పెద్దవాడికి అయిదేళ్ళు, ఆడపిల్లకు మూడు, చిన్నవాడు అప్పుడప్పుడే అడుగులు వేస్తున్నాడు.

షేకు ఇంట్లో పిల్లలు పెద్దవాళ్ళయితే పాత సీట్లు పారేస్తారు. వాటిలోంచి మూడు ఏరుకొని పంపుతానన్నాడు. మా బండి వెనక వరుసలో మూడూ పక్కపక్కన పట్టాలి. అందుకని వీడియో ఫోన్ చేశాడు. నేను మిల్లు దాకా పోయాను, మా ఆయన పొలంలో ఉన్నాడు. ఇంట్లో ఉన్నది అవ్వ. "అవ్వా, బావ బండి ఎనుక సీటు ఎంత ఎడల్పుంటదో జర కొలువు" అన్నాడట. టేపు ఎక్కడుందో అవ్వకేం తెలుసు? మంచం నులకైనా, చీర కొంగైనా, దూడ పొడుగైనా ఆమె చేత్తోనే కొలిచేది. బొటనవేలు ఆనించి, చిటికెనవేలు చాచి, సీటు ఈ చివర నుంచి ఆ చివరకు పోయింది. "ఎనిమిది జానలుందిరా" అంది. "సరే అవ్వా" అన్నాడు. ఎవరి జాన అని వాడు అడగలేదు, ఆమె చెప్పలేదు. జాన అంటే జానే కదా మా ఇళ్ళలో. అవ్వ చెయ్యి చిన్నపిల్ల చెయ్యంత. తమ్ముడిది ఆజానుబాహువు చెయ్యి, పళ్ళెం మీద పెడితే పళ్ళెం కనబడదు. వాడు తన ఎనిమిది జానలకు సరిపోయే సీట్లు ఏరి, డబ్బాలో సర్ది, ఓడ కార్గోలో వేశాడు.

ఆ ఓడ ఇంకా సముద్రం మీద ఉండగానే వాడు చనిపోయాడు. బడి నుంచి పిల్లలను తీసుకొస్తుంటే ఒక లారీ వచ్చి ముందువైపు గుద్దింది. శవం విమానంలో వచ్చింది. సామాను నిదానంగా ఓడలో వచ్చింది. మా దిక్కు ఇది కొత్త సంగతి కాదు, చాలా ఇళ్ళలో మనిషి తర్వాతే మనిషి పంపిన డబ్బా వస్తుంది. అయినా కర్మకాండ అయిపోయి చుట్టాలు ఇంకా ఇంట్లో ఉండగానే వాకిట్లో ఆ డబ్బా దిగితే ఎట్లా ఉంటుందో చెప్పడం నాకు చేతకాదు. పైన వాడి చేతిరాతతో మా ఇంటి పేరు. లోపల పాలపొడి, ఖర్జూరాలు, ఒక కంబళి, మూడు సీట్లు. చచ్చినవాడి సామాను ఇంట్లో ఉంచుకోవద్దని ఎవరో అన్నారు. మా మరదలు, అంటే తమ్ముడి భార్య, అప్పటిదాకా మూలన కూర్చొని ఉంది. లేచి వచ్చి ఆ మూడు సీట్లనూ ఒక్కొక్కటిగా లోపలికి మోసుకుపోయింది. వాడితోపాటు అక్కడ గదిలో ఉండే కుర్రవాడు ఫోన్‌లో ఆమెకు ఒక మాట చెప్పాడు. వెనక సీట్లలో కట్టేసి ఉన్న షేకు పిల్లలకు గీత కూడా పడలేదట. ఆ మాట ఆమె మనసులో మేకులా దిగింది. సీటు లేకుండా తన పిల్లలెవరూ ఇక ఏ బండీ ఎక్కరని ఒట్టు పెట్టుకుంది.

తర్వాత ఇంట్లో పంచాయితి. మరదలి తండ్రి శ్రీరాంపూర్‌లో బొగ్గుబాయి కార్మికుడు. బిడ్డనూ ముగ్గురు పిల్లలనూ తీసుకుపోతానని వచ్చాడు. మా మేనమామ, అంటే అవ్వకు తమ్ముడు, పెద్దమనిషి హోదాలో కుర్చీలో కూర్చొని పెద్దవాడు ఇక్కడే ఉండాలన్నాడు. "కొడుకు పోయిన ఇంట్ల మనుమడన్నా ఉండాలె గదా బిడ్డా" అని ఆయన న్యాయం. మరదలు ఒకే మాట మీద నిలబడింది. "పోతే ముగ్గుర్ని తీస్కపోత మామా. ఒక్కన్ని ఇడిసిపెట్టి నేను బతకలేను." అవ్వ గోడకు ఆనుకొని ఏడ్చింది గానీ వద్దనలేదు. ముగ్గురూ పోవడమే ఖాయమైంది. నాకు లోపల ఎంత ఊరటగా ఉందో! తండ్రి ఎటూ లేడు, తల్లీ తోబుట్టువులూ అయినా ఒకచోట ఉంటారనుకున్నాను.

పోయే రోజు పొద్దున్నే మా ఆయన బండి కడిగి, ముందే పట్నంలో కుట్టించిన బెల్టులు సరిచేసి, సీట్లు పెట్టడం మొదలుపెట్టాడు. తలుపు పక్కన ఒకటి పెట్టాడు, బిగిసింది. రెండోది పెట్టాడు, బిగిసింది. మూడోదానికి రెండింటి నడుమ మిగిలింది మూరెడు కూడా లేదు. పెద్దదాన్ని నడుమకు జరిపాడు. చిన్నదాన్ని వెనక్కి తిప్పి పెట్టాడు. మోకాలు ఆనించి తొక్కాడు. ఒకసారి మూడూ దూరినట్టే అనిపించింది, తీరా చూస్తే తలుపు పడలేదు. మామ చుట్టూ తిరుగుతూ సలహాలిచ్చాడు. "డోరు తీసేయ్, తాడు గట్టు" అన్నాడు. ఇంకో చుట్టు తిరిగి "రంపం తెచ్చి గా సీటు అంచులు కొయ్యరాదు" అన్నాడు. మా ఆయన నిజంగానే రంపం తెచ్చాడు. మరదలు ఆయన చెయ్యి పట్టుకొని "అన్నా, కోసినంక గది పోరన్ని ఆపుతదా?" అని అడిగింది. చెమట తుడుచుకుంటూ ఆయన రంపం కింద పెట్టేశాడు.

అప్పుడు అవ్వ లేచింది. వచ్చి బండి తలుపు పట్టుకొని చూసింది. రెండు సీట్లు లోపల, ఒకటి మట్టిలో. "సూసిండ్రా, నా కొడుకే చెప్తుండు. ఇద్దరికే జాగ ఉన్నది. ఒక్కన్ని నాకు ఇడిసిపెట్టిండు" అంది. వాకిట్లో నిలబడ్డవాళ్ళలో సగం మంది అవునన్నట్టు తలలూపారు. నాకు ఒళ్ళు మండింది. "కొడుకు చెప్పుడు కాదే అవ్వా, గది నీ జాన. నువ్వు నీ చేత్తోని కొలిస్తివి, వాడు వాని చేత్తోని లెక్కబెట్టుకుండు" అన్నాను. అవ్వ నా మొహం చూసింది. తర్వాత వంగి బండి సీటు మీద చెయ్యి చాచి పెట్టింది. ఒక జాన కొలిచి ఆగిపోయింది. ఆమెకు అర్థమైందని నాకు తెలిసింది. కానీ అర్థమైనంత మాత్రాన ఆశ చావదు. కోడలి రెండు చేతులూ పట్టుకొని "ఎవ్వల జానన్న కానీ బిడ్డా, ఒక్క వారం ఉంచు వాన్ని. ఒక్క వారం" అని బతిమాలింది. అంతకుముందు నా తల్లి ఎవరి ముందైనా అట్లా చేతులు పట్టుకోవడం నేను చూడలేదు.

బస్సులు లేవా అని మీరు అడగవచ్చు. ముందు సీట్లో తల్లి ఒడిలో కూర్చోబెట్టుకోరాదా అనీ అడగవచ్చు. మరదలి తండ్రి ఆ రెండూ అడిగాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. ముందువైపు కూర్చున్న మనిషినే కదా ఆమె పోగొట్టుకుంది. రెండో విడతలో పెద్దవాడిని ఒక్కడినే తెస్తామన్నా, తాను లేకుండా ఏ పిల్లా బండెక్కదని, చిన్నవాళ్ళిద్దరినీ వదిలి తాను రాలేనని అంది. పెద్దవాడు బండి దగ్గరకు వచ్చి "అమ్మా, సీటు లేకున్న నేను గట్టిగ పట్టుకుంట. నేను ఏడ్వ" అన్నాడు. తల్లి వాడిని దగ్గరికి తీసుకొని చాలాసేపు వదల్లేదు. "ఒక్క వారమే నానా. చిన్న సీటు మామయ్య తెస్తడు, నేనొచ్చి నిన్ను తీస్కపోత. జర బాపమ్మ దగ్గరుండు" అంది. మామయ్యంటే మా ఆయన. తప్పక తెస్తానని ఆయన అందరిముందూ మాట ఇచ్చాడు. ఇద్దరు పిల్లలను పట్టీలు వేసి కట్టి, ఆమె ముందు కూర్చుంది. బండి మలుపు తిరిగేదాకా పెద్దవాడు చెయ్యి ఊపాడు. ఆ తర్వాత మట్టిలో ఉన్న తన సీటును ఈడ్చుకుంటూ అవ్వ ఇంట్లోకి తీసుకుపోయాడు.

మా ఆయన వెతకలేదని ఎవరైనా అంటే నేను ఊరుకోను. నిర్మల్‌లో వెతికాడు, మంచిర్యాలలో వెతికాడు, కరీంనగర్‌లో రోజంతా తిరిగాడు. దుకాణాల్లో ఉయ్యాలలు చూపించారు, మూడు చక్రాల బండ్లు చూపించారు. సన్నటి సీటు కావాలంటే నవ్వారు. ఈలోపల జూన్ వచ్చింది. చదువు పాడవుతుందని మా మేనమామ పిల్లవాడిని ఇక్కడి బడిలో వేశాడు. సెలవులకు పోతాడులే అనుకున్నాం, సెలవుల్లో అవ్వ మంచం పట్టింది. రెండు సీట్లు బండిలోనే బిగిసి ఉండిపోయాయి, మిగిలిపోయిన సీటును వాడు ఇంట్లోనే వాడుకున్నాడు. అందులో కూర్చొనే అన్నం తినేవాడు, పట్టీలు తానే పెట్టుకొని టీవీ చూసేవాడు. ఎట్లాగో హైదరాబాదు నుంచి ఒక చిన్న సీటు తెప్పించేసరికి రెండో ఏడు నడుస్తోంది. మూడూ వెనక వరుసలో చక్కగా పట్టాయి, తలుపు కూడా పడింది. మరదలు వాడిని తీసుకుపోవడానికి కొత్త అంగీ పట్టుకొని వచ్చింది. వాడు అవ్వ మంచంకోడు రెండు చేతులా వాటేసుకొని "నేను రాను, నేను రాను" అని ఊరంతా వినబడేట్టు ఏడ్చాడు. ఆమె బలవంతం చెయ్యలేదు. అంగీ మంచం మీద పెట్టి, ఖాళీ సీటు పక్కన ఉన్న ఇద్దరు పిల్లలతోనే తిరిగిపోయింది.

ఇప్పుడు వాడు పదో తరగతి. బుద్ధిమంతుడు, అవ్వ పోయాక మా ఇంట్లోనే ఉంటున్నాడు. బండి అమ్మిన వారానికి మరదలు వచ్చింది. వాడు ఎదురుపోయి సంచి అందుకున్నాడు. కుర్చీ వేశాడు, దుమ్ము తుడిచాడు, కాళ్ళు కడుక్కోవడానికి చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చి "మంచిగున్నవా అమ్మా, ఎన్ని రోజులుంటవ్?" అని అడిగాడు. తప్పుపట్టడానికి ఏమీ లేదు. ఆమె కాళ్ళు కడుక్కొని, తాగేందుకిచ్చిన నీళ్ళు తాగి, వంటింట్లోకి వచ్చి నా పక్కన పీట మీద కూర్చుంది. "వదినె, చుట్టాలకు మర్యాద జేసినట్టు జేస్తుండు నా కొడుకు" అని మెల్లగా అని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఒక్క వారం అని ఆ రోజు వాకిట్లో అందరం అనుకున్నాం. అబద్ధం ఎవరూ ఆడలేదు. పెద్దవాళ్ళం ఆ వారాన్ని ఇవాళ కాకపోతే రేపని జరుపుకుంటూ పోయాం, అయిదేళ్ళ పిల్లవాడు మాత్రం ఆ వారంలోనే తల్లి లేకుండా ఉండడం నేర్చేసుకున్నాడు.