ఒకటే పటిక ముక్క

ఎనభైల చివర్లో మహబూబ్‌నగర్‌లో కొత్తగా ఉద్యోగంలో చేరాను. మా ఊరి యాదగిరి, నేను కలిసి ఒక గది కిరాయికి తీసుకున్నాం. నాకు ముఖం మీద శ్రద్ధ ఎక్కువ. రోజూ పొద్దున్నే గడ్డం గీసుకుని, బ్లేడు గాట్ల మీద పటిక రుద్ది, చన్నీళ్లతో కడిగి, రెండు చుక్కల కొబ్బరినూనె రాసుకునేవాణ్ణి. పటిక ముక్క కిటికీలో ఉండేది.

వానాకాలం నల్లాలో ఎర్రమన్ను నీళ్లు వచ్చేవి. వంట, తాగేనీళ్లు యాదగిరి వంతు. మా బిందెలో నీళ్లు మాత్రం అద్దంలా ఉండేవి.

ఒకరోజు బుగ్గకు రుద్దబోతుంటే పటికకు ఉంగరాల వెంట్రుకొకటి అతుక్కుని కనిపించింది. గడ్డం వెంట్రుక అంత పొడవుండదు.

"యాదగిరీ, గిదేంది?"

"నాదే ఉంటది. తానం చేసినంక చంకలల్ల రుద్దుకుంట. చెమట వాసన రాదు" అన్నాడు తాపీగా.

నా ముఖమంతా పురుగులు పాకినట్టయింది. అప్పుడే చూపు బిందె మీద పడింది.

"మరి నీళ్లల్ల తిప్పే పటిక?"

"గదే. కడిగే తిప్పుతున్న గదా, ఫికర్ ఎందుకు?"

తాగిన నీళ్లు గొంతులోకి ఎగదన్నాయి. "థూ! నేను రోజు గాట్ల మీద రుద్దుకునేది గూడ గదేరా!" అని అరిచాను.

యాదగిరి ముఖం రంగు మారింది. "అంటే గిన్ని దినాలు నీ నెత్తురు నాకు తాపినవా? ఛీ, గలీజోడా!" అంటూ నాకంటే ముందే మోరీ దగ్గరికి ఉరికి భళ్లున కక్కాడు. ఇన్నాళ్లూ ఆ నీళ్లు తాగడానికి తన చంక మాత్రం అతనికి అడ్డు రాలేదు!

ఇప్పటికీ ఎవరింట్లోనైనా నీళ్లు మరీ తేటగా కనిపిస్తే నాకు దాహం చచ్చిపోతుంది.