ఘనా మాస్టారి కుటుంబాన్ని దాచిన మధ్యాహ్నం

సహోదరులారా, సహోదరీలారా, సాక్ష్యం చెప్పమని సంఘ పెద్దలు చాలాసార్లు అడిగారు, నేనే వాయిదా వేస్తూ వచ్చాను, ఎందుకంటే జరిగినదానిలో దేవుని చెయ్యి ఎంతవరకో, మనుషుల చెయ్యి ఎంతవరకో నాకు ఇప్పటికీ సరిగా తెలియదు.

నా పేరు సువార్తమ్మ, మాది రాజోలు పక్క. ఎనభైల మొదట్లో మావారికి నైజీరియాలో సైన్సు టీచరు ఉద్యోగం వస్తే ఇద్దరం వెళ్ళాం. మా పక్కింట్లో క్వామే మాస్టారు ఉండేవారు. ఆయనది ఘనా దేశం, పని వెతుక్కుంటూ వచ్చి మావారి బడిలోనే లెక్కలు చెప్పేవారు. ఆయన భార్య అకువా నాకు ఆ ఊళ్ళో మొదటి స్నేహితురాలు, చర్చి ఆరాధనలో పక్కపక్కనే కూర్చునేవాళ్ళం, వాళ్ళ పాప నా ఒళ్ళోనే నిద్రపోయేది.

అలాంటిది, కాగితాలు లేని పరదేశులందరూ వెంటనే వెళ్ళిపోవాలని అక్కడి ప్రభుత్వం రేడియోలో ప్రకటించింది. అప్పటికే అక్కడ పనులు పోయి జనం కోపంగా ఉన్నారు, ఆ కోపమంతా మాస్టారి లాంటి ఘనా వాళ్ళ మీదకు తిరిగింది. పొమ్మన్నారే గాని ఎలా పోవాలో, దారిలో ఎవరు కాపాడతారో ఒక్కరూ చెప్పలేదు. ఒక మధ్యాహ్నం కర్రలు పట్టుకుని జనం మా వీధిలోకి వచ్చేసరికి మాస్టారు, అకువా, పాప పెరటి గుమ్మంలోంచి మా ఇంట్లోకి వచ్చేశారు.

మావారు చెప్పులు వేసుకున్నారు. “పోలీసు స్టేషనుకెళ్ళొస్తాను. తలుపు తియ్యకు.”

“ఒక్కదాన్నీ ఏం చెయ్యనండీ?”

“ప్రార్థన చేసుకో. పోలీసుల్ని తీసుకునే వస్తాను.”

జనం తలుపు కొట్టారు. కిటికీలోంచి చూస్తే ముందు నిలబడ్డవాడు మా సంఘంలో పాటలు పాడే మనిషి. “అమ్మా, మీరు మా పిల్లలకు చదువు చెప్పేవాళ్ళు, మీ మీద మాకేం కోపం లేదు, వాళ్ళని పంపేయండి” అన్నాడు, మర్యాదగానే. సముద్రాలు దాటి వచ్చిన నేను పరాయిదాన్ని కాదట, వాళ్ళలాగే ఉండి వాళ్ళతో కలిసి పాడే అకువా పరాయిదట. “పంపనండీ” అన్నాను. “ప్రభువా, ఏమడగాలో కూడా తెలియడం లేదు, నువ్వే చూసుకో” అంటూ తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాను.

స్టేషనులో అధికారి, పొమ్మన్నది ప్రభుత్వమే కదా, మేమేం చేస్తాం అన్నాడట. మావారు ఎవరికీ ఎదురు చెప్పే మనిషి కాదు. “వెళ్ళమన్నది మీరైతే, ప్రాణాలతో వెళ్ళేలా చూడాల్సిందీ మీరే కదండీ” అని అక్కడే కూర్చుని లేవలేదట. చివరికి విసుగుతోనో జాలితోనో అతను వ్యాను పంపాడు. దాన్ని చూసి జనం చెదిరిపోయారు, పోలీసులే ఆ ముగ్గురినీ లారీ ఎక్కించారు, సరిహద్దు దాటారని లారీ డ్రైవరు తర్వాత చెప్పాడు. దేవునికే మహిమ.

కాని వెనక వీధిలో ఇంకో ఘనా కుటుంబం ఉండేది. అక్కడికి వ్యాను వెళ్ళలేదు, ఆ ఇంటి పెద్దాయన దెబ్బలకు చనిపోయాడు. ఆయనా ప్రార్థించే ఉంటాడు. ప్రభువా, మా తలుపు దగ్గరున్న నువ్వు అక్కడ లేవా అని ఎన్నిసార్లు అడిగినా జవాబు రాలేదు. వ్యాను పంపవలసింది మాత్రం ప్రభుత్వమే, ఆ తప్పు దేవుని మీద వేయలేను.

అన్నీ అర్థమయ్యాకే నమ్ముదామని ఆగకండి, అర్థం కానివన్నీ పట్టుకునే నేనూ ఆయన దగ్గరకు వస్తున్నాను, మీరూ రండి. మన ఓడలరేవు వైపు పనులకు వేరే భాష కూలీలు దిగుతున్నారు, వాళ్ళ గురించి బజారులో మాటలు వింటున్నాను. వాళ్ళలో ఎవరైనా బెదిరి మీ గుమ్మంలోకి వస్తే లోపలికి రానివ్వండి. ఆ తర్వాత ఏమవుతుందో నాకూ తెలియదు, ఆయనకు తెలుసు.