వాషర్ చెవి

ఇది త్యాగం, ద్రోహం, రక్తపాతం నిండిన మహాకావ్యం. నిజానికి రక్తం లేదు, గ్రీజు ఉంది.

క్యాంపస్ వర్క్‌షాప్‌లో నా ప్రాజెక్టు కోసం షాఫ్ట్‌కు బేరింగ్ ఎక్కించి, అది పక్కకు జరగకుండా లాక్ నట్ బిగించాను. నట్ కింద వేసే వాషర్‌కు చిన్న చెవులుంటాయి. ఒక చెవిని నట్ గాడిలోకి వంచితేనే నట్ వదులవదు. తార్నాకలో చాయ్‌కి ఆలస్యమవుతోందని నేను వంచలేదు. మర్నాడు నట్ ఊడింది, బేరింగ్ జరిగింది, షాఫ్ట్ పాడైంది.

"ఎవరయ్యా బిగించింది?" అన్నారు ప్రొఫెసర్.

"నేనే సార్," అన్నాడు కాంట్రాక్టు మీద పనిచేసే టెక్నీషియనన్న. నేను నేలవైపు చూశాను. నేల బాగానే ఉంది.

నెలాఖరున ఆయన కాంట్రాక్టు పొడిగించలేదు. లాలాపేట్‌లో ఆయనింటికి వెళ్లాను.

"అన్నా, ఎందుకట్ల చెప్పినవ్?"

"బిగించింది నువ్వే గానీ, చూడాల్సింది నేను గద తమ్మీ. గిప్పుడు పోయి చెప్తే నీ ప్రాజెక్టు సుత పోతది. చాయ్ తాగుతవా?"

తాగలేకపోయాను. మర్నాడు ప్రొఫెసర్ గదిలో నిలబడి అంతా ఒప్పుకున్నాను. ఆయన ఓపిగ్గా విన్నారు. అన్న పోస్టు రద్దుకు ఆర్డరు షాఫ్ట్ పాడవకముందే వచ్చిందట. కొత్త షాఫ్ట్ కావాలంటే మాత్రం ఇండెంట్ ఫారం మూడు కాపీలు పెట్టాలట.