మా తోడల్లుడికి నేను ఎంచిన టైర్లు

మొన్న సాయంత్రం మణికొండలో కూరగాయలకని బయలుదేరినవాణ్ని, మా వీధి మలుపులో కొత్తగా వెలసిన సైకిళ్ల దుకాణం ముందు ఎందుకో ఆగిపోయాను. అద్దాల వెనక టైర్లు వరసగా వేలాడుతున్నాయి. మెడలో ఆఫీసు పట్టీ ఇంకా తీయని ఒక యువకుడు ఒక టైరును అటూ ఇటూ తిప్పి చూస్తూ, రాళ్ల దారిలో ఏది జారకుండా పట్టుకుంటుందని అడుగుతున్నాడు. దుకాణదారు ఫోన్లోంచి తల ఎత్తకుండానే, "గీ పెద్ద బొడిపెలది తీస్కో సార్, యాడికైనా కండ్లు మూసుకొని పోవచ్చు" అన్నాడు. అది తప్పుడు సలహా. ఎందుకు తప్పో అక్కడే నిలబడి చెప్పగలిగినవాణ్ని, చెప్పకుండా వచ్చేశాను.

నా తోటివాళ్లకు గుర్తుండే ఉంటుంది, నానక్‌రామ్‌గూడ దాటాక ఇప్పుడు అద్దాల మేడలున్న చోట ఒకప్పుడు ఏనుగులు పడుకున్నట్టు బండలుండేవి. నేను అప్పట్లో ఐటీ కంపెనీలకు కార్లు తిప్పే ఒక కాంట్రాక్టరు దగ్గర పనిచేసేవాణ్ని. ఏ కారు టైరు ఎంత అరిగింది, ఏ డ్రైవరు బ్రేకు ఎక్కువ తొక్కుతాడు, ఇదంతా చూసుకోవడం నా పని. నాకు దీన్ని నేర్పినవాళ్లు ఎవరూ లేరు. పదో తరగతితో చదువు ఆగిపోయినా, అంకెలంటే ఉన్న ఇష్టం కొద్దీ నాకు నేనే నేర్చుకున్నాను. మా తోడల్లుడు, అంటే మా ఆవిడ చెల్లెలి భర్త, హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. అతను కొండదారుల సైకిలు కొన్నాడని విని, నేనూ పాతది ఒకటి సంపాదించాను. ఆదివారం తెల్లవారగానే ఇద్దరం మణికొండ నుంచి బయలుదేరి, తారురోడ్డు మీద నానక్‌రామ్‌గూడ దాకా పోయి, అక్కడి నుంచి బండలెక్కి అవతలి వాలులో దిగేవాళ్లం.

మధ్యాహ్నం భోజనం మూసాపేటలో, మా మామగారింట్లో. ఆయన ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. పోటీ లేనిదే మగవాళ్లు పనిచేయరని ఆయన నమ్మకం. ఆదివారం వేట మాంసం వండితే అందులో నల్లిబొక్క, అదే లోపల మూలుగ నిండిన ఎముక, ఆ ఉదయం బండ మీద ముందు దిగిన అల్లుడి కంచంలో ఆయన స్వయంగా వేసేవారు. ఓడినవాడికి గరిటెడు షోర్వ, అంటే ఉత్త పులుసు, పోసి, "తాగు బిడ్డా, జర బలమొస్తది" అనేవారు. బావమరిది నవ్వేవాడు, అత్తగారు నవ్వేది, పిల్లలు పళ్లేలు వాయించేవారు. ఓడిన అల్లుడి భార్య మాత్రం తల వంచుకుని వడ్డించేది. ఇది సరదా అని అందరం అనుకున్నాం. ఎముక దక్కినప్పుడు నేనూ అలాగే అనుకున్నాను.

ఎక్కువసార్లు నాకే దక్కేది. కారణం నా కాళ్ల బలం కాదు, టైర్లు. మా తోడల్లుడు ఆఫీసులో ఎవరో చెప్పారని పొడవాటి, ఎడంగా ఉన్న బొడిపెల టైర్లు వేయించాడు. అవి బురద కోసం చేసినవి. మెత్తని మట్టిలో దిగబడి పట్టుకుంటాయి. మన దగ్గర బురదెక్కడిది? కింద గట్టి బండ, దాని మీద ఆ బండే చితికి రాలిన మొరం. బొడిపె పొడవైతే బండ మీద అది పక్కకు వంగుతుంది, మనిషి మలుపులో ఒరిగినప్పుడు కాళ్ల కింద నేల కదిలినట్టవుతుంది. మనకు కావలసింది పొట్టిగా, దగ్గరదగ్గరగా ఉండే బొడిపెలు, గోటితో నొక్కితే కొంచెం లోపలికి పోయే మెత్తని రబ్బరు, రెండుంబావు అంగుళాల వెడల్పు. ముందు టైరుకు అంచుల్లో బొడిపెలు బలంగా ఉండాలి, ఎందుకంటే మలుపులో మనల్ని కాపాడేది అదే. వెనక టైరు కాస్త నునుపైనా ఫరవాలేదు. వీటన్నిటికంటే ముఖ్యం గాలి. టైరు పక్కన అచ్చేసిన అంకె దాటకూడని హద్దేగాని, కొట్టుకోవలసిన గాలి కాదు. డెబ్బై అయిదు కిలోల మనిషికి ముందు ఇరవై ఎనిమిది పౌండ్లు, వెనక ముప్పై రెండు చాలు. అంతకంటే తగ్గితే రాయి తగిలి ట్యూబు నలుగుతుంది, పెరిగితే టైరు బండను కరుచుకోక గోలీకాయలా దొర్లుతుంది.

జనం వానకు భయపడేవారు గాని నాకు భయం వేసవిలోనే. వాన పడ్డ మరునాడు బండ కడిగిన గచ్చులా ఉండి చక్కగా పట్టునిచ్చేది. ఎండాకాలంలో మొరం పేరుకుని, శనగలు ఆరబోసినట్టుండేది. ఈ సంగతి నాతో పోటీ పడే మనిషి దగ్గర నేనెప్పుడూ దాచలేదు. చెప్పబోతే, "టైర్లు ఎంచుడు గూడ ఒక చదువేనా అన్నా?" అని నవ్వేవాడు.

ఒక శనివారం మా మరదలు మా ఇంటికి వచ్చి, మా ఆవిడ వంటింట్లో ఉండగా నా దగ్గర కూర్చుంది.

"బావా, నీ లెక్కనే ఆయనకు గూడ మంచి టైర్లు చూడవా? ఆదివారమొస్తే మా ఇంట్ల రాత్రి దాక మొఖం మాడ్సుకొని కూసుంటుండు. ఆ బొక్క గురించి నన్ను దెప్పుతుండు."

"నన్నడిగితే ఆయనకు నామోషీ గాదా?"

"నేను చెప్తలే. నువ్వు తెచ్చి ఎయ్యి సాలు."

నాకంటే పది కిలోలు ఎక్కువ మనిషి కనుక ఆ బరువుకు తగ్గట్టే చూశాను. సికింద్రాబాద్ దాకా పోయి నాలుగు రకాలు గోటితో నొక్కి చూసి, ఒక జత తెచ్చి నా చేతులతోనే బిగించి, ముందు ముప్పై, వెనక ముప్పై నాలుగు గాలి పెట్టి, దీన్ని ముట్టుకోవద్దని చెప్పాను. మొదటి ఆదివారం అతను నా వెనకే, ఒక్క జారు లేకుండా దిగాడు. నల్లిబొక్క నాకే వచ్చింది గాని అతని ముఖంలో సంతోషం చూశాను.

రెండో ఆదివారం అతను నాకోసం ఆగకుండా ముందే బయలుదేరాడు. నేను నానక్‌రామ్‌గూడ చేరి, షేర్ ఆటోలు ఆగే చోట టీ కొట్టు దగ్గర కాలు మోపానో లేదో, కొట్టు నడిపే ఆవిడ పకపకా నవ్వింది.

"ఏంది సారూ, ఇయ్యాల పందెం జోరుగున్నట్టుంది? మీ తమ్ముడు గిక్కడనే నిలబడి పంపుతోని గాలి కొట్టిండు కొట్టిండు, టైరు పలుగుతదేమో అనుకున్న!"

అక్కడిదాకా తారురోడ్డు మీద మెత్తని టైరు బరువుగా లాగి ఉంటుంది. బండైనా తేలిగ్గా ఎక్కాలన్న ఆత్రంలో గాలి నింపుకున్నాడు. అవి ఎండాకాలం రోజులు. నేను టీ తాగకుండా తొక్కాను. బండ ఎక్కేసరికి అతను అవతలి వాలు మలుపులో పక్కకు పడి ఉన్నాడు, ఒక కాలు ఉండవలసిన వైపు లేదు. ఆటోవాళ్లు పరుగెత్తుకొచ్చారు. వాళ్లు అతన్ని ఎత్తుతుండగా నేను ముందు టైరును బొటనవేలితో నొక్కాను. కొబ్బరికాయలా ఉంది.

"గాలి కొట్టినవా తమ్మీ?" అన్నాను. అతను కళ్లు మూసుకునే, "లేదన్నా" అన్నాడు. నొప్పిలో ఉన్న మనిషి కదా అని ఊరుకున్నాను.

దవాఖానలో తుంటి ఎముక విరిగిందని చెప్పారు. మామగారు మంచం పక్కన నిలబడి ఎట్లా పడ్డావని అడిగితే మా తోడల్లుడు పైకప్పు కేసి చూస్తూ, "కొత్త టైర్లు మామా. పట్టలే" అన్నాడు. గదిలో ఉన్నవాళ్లంతా నా వైపు తిరిగారు. గాలి ఎక్కువైందని, టీ కొట్టు ఆవిడ చూసిందని చెప్పాను.

"మనిషి మంచంల పండి ఉంటే గాలి లెక్క చెప్తున్నవా?" అన్నారు మామగారు. "గా బొక్క కోసం గింత పని జేసినవా అల్లుడా?"

ఆ మాట ఆయన కోపంలో అన్నారని తరువాత అత్తగారు చెప్పింది. కాని ఎవరూ దాన్ని వెనక్కి తీసుకోలేదు. మా మరదలు అదే నమ్మి మా ఆవిడతో మాట్లాడటం మానేసింది. టైర్లు అడిగి పెట్టించుకున్నది తనేనన్న సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. నేను చెప్తే, అడిగినందుకు కాలు విరగ్గొట్టావా అని అడిగింది. వానాకాలం పోయింది, చలికాలం వచ్చింది. మా మరదలికి సీమంతం చేశారు. సొంత అక్కను పిలవలేదు. ఆ రోజు మా ఆవిడ, చెల్లెలి కోసం కొన్న గాజులు ముందు పెట్టుకుని, వాటిని సైజుల వారీగా సర్దుతూ కూర్చుంది.

సాయంత్రం నాతో అంది: "నీ లెక్క సరైందే. నాకు ఎరుకలేదా? గాని నువ్వొక్క మాట తప్పయిందని చెప్తే నా చెల్లె నాకొస్తది."

"చెయ్యని తప్పు ఎట్ల ఒప్పుకోను?"

"నాకోసం ఒప్పుకో."

నా ఉద్యోగంలో ఒక్క అంకె తేడా వచ్చినా రాత్రి నిద్రపోని మనిషినని ఆమెకు తెలుసు. తెలిసే అడిగింది. నేను ఒప్పుకున్నాను.

ఆదివారం మూసాపేటలో అందరి ముందూ నిలబడి, రబ్బరు ఎంచడంలో నా అంచనా తప్పిందని, నన్ను క్షమించమని చెప్పాను. మా మరదలు ఏడుస్తూ లేచి అక్క మెడను కావలించుకుంది. మామగారు, "గీ ముక్క ఆ దినమే అంటే అయిపోతుండె గద" అని ఫ్యాను వేయమన్నారు. ఆ గదిలో నిజం తెలిసిన మగవాళ్లం ఇద్దరమే. కనీసం అతను కళ్లు దించుకుంటాడనుకున్నాను. అతను చేతికర్ర ఊతంగా లేచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి, ఎంతో దయగా, "పోనీ తియ్యన్నా. నువ్వేమన్న కావాలని జేసినవా?" అన్నాడు.

ఆ తరువాత ఆ ఇంట్లో ఫ్రిజ్ కొన్నా, స్కూటర్ కొన్నా, "పెద్దల్లుణ్ని మాత్రం అడగకుర్రి" అని బావమరిది నవ్వించేవాడు. నవ్వేవాళ్లలో మా ఆవిడ ఉండేది కాదు, అంతే. మా తోడల్లుడు కొంచెం కుంటుతూనే పెద్ద హోదాకు ఎదిగాడు. ఏళ్ల తరువాత ఒక పుట్టినరోజు విందులో అతను తన ఆఫీసు వాళ్లకు టైర్లు ఎంచుకునే పద్ధతి వివరిస్తుంటే విన్నాను: పొట్టి బొడిపెలు, మెత్తని రబ్బరు, మొరం, వాన వెలిసిన బండ, అన్నీ నా మాటలే. చివర్లో, "మా అన్నకు తెలవక గట్టి రబ్బరు తెచ్చిండు, దాంతోనే ఈ కాలు" అన్నాడు. అందులో వెటకారం లేదు. అబద్ధమాడుతున్న మనిషి ముఖమూ కాదు అది. అంత నమ్మకంగా చెబుతుంటే, నేను గోటితో నొక్కి తెచ్చింది మెత్తని రబ్బరేనా అని నాకే ఒక్క క్షణం అనుమానం వచ్చింది.

కిందటి చలికాలం అతను తన కారులో నన్ను నానక్‌రామ్‌గూడ మీదుగా తీసుకుపోతూ, పాత జాగాలు చూద్దామని ఒక చోట ఆపాడు. బండలు లేవు. టీ కొట్టు ఉన్న చోట మెట్రో స్టేషన్ అంత వెడల్పున ఒక గేటు, దాని వెనక పేల్చి తవ్విన గుంతలో అంతస్తుల మీద అంతస్తులు. ఇంత గట్టి రాయిని ఇంత తొందరగా ఎట్లా కరిగించారో నాకు అంతుపట్టలేదు. మా వయసు వాళ్లం చెబితే తప్ప, ఇక్కడ ఎక్కి దిగే వాలు ఒకటుండేదని ఈ మేడల్లో పనిచేసే పిల్లలకు తోచను కూడా తోచదు. అతను కారు దిగి, గేటు పక్కన నున్నటి సిమెంటు గోడను చూపించి, "గిక్కడనే గద అన్నా, నీ టైర్లు జారింది" అన్నాడు.

అక్కడ కాదు. ఆ మలుపు గోడకు అవతల, ఇంకా చాలా పడమటికి ఉండేది. కళ్లు మూసుకుని చూపించగలను. ఒకప్పటి నేనైతే దూరాన్ని అడుగులతో కొలిచి మరీ సరిదిద్దేవాణ్ని.

"ఔ తమ్మీ," అన్నాను, "గిక్కడనే."