కాలేజీ వరండాలో చెప్పులు

పెద్ద వయసులో పది పాసైనవాళ్లు కాలేజీలో నిలబడాలంటే ఏ సాయం కావాలో పరిశోధన చేస్తున్న ఒక అమ్మాయి మొన్న గద్వాలలో నన్ను కలిసింది. మా ఊరి ఓపెన్ స్కూల్లో నాతోపాటు పది గట్టెక్కిన ఒకామె సంగతి చెప్పాను. ఆమెది విత్తన పత్తి పూలకు పుప్పొడి అద్దే కూలి పని. కాలేజీలో తొలిరోజు ఆమె కోసం నేను చెప్పులు విడిస్తే, క్లాసంతా విడిచిందని కోతలు కోశాను.

క్లాసంతా అన్నది నా కల్పన. ఆ పొద్దున ముసురులో కాలేజీ నీళ్ల మీద తేలుతున్నట్టుంది. ఆమె వేళ్లకు పుప్పొడి ఇంకా పచ్చగా అంటుకునే ఉంది. ఊళ్లో చాప మీద చదివిన అలవాటుతో ఆమె గడప బయట చెప్పులు విడిచి లోపలికి అడుగు పెట్టింది. లోపల అందరి కాళ్లకూ బూట్లున్నాయి. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె వెనక్కి వచ్చేసింది.

“నేను ఇంటికి పోత పెద్దనాయినా. గిది మన జాగ కాదు.”

నేనూ చెప్పులు విడిచాను. “జర ఆగు బిడ్డా. ఇద్దరం గిట్లనే పోదాం.”

ఆమె నా పాదాల వంక చూసింది. “ఆ పగిలిన మడిమలు జూస్తే పిల్లలు జడుసుకుంటరు. తొడుక్కో.”

నవ్వుతూ తనూ తొడుక్కుని, నాకన్నా ముందే లోపలికి నడిచింది.

నిన్న ఆ పరిశోధన అమ్మాయికి ఫోన్ చేసి ఇదంతా ఒప్పుకున్నాను.

“మరి మీరు చేసిన సాయమేంటి తాతగారూ?”

“ఆమెతోటి నేను గూడ నవ్వులపాలైన. గంతే బిడ్డా. జర పెద్దగ రాసుకో.”